బొగ్గవ్వ సొరంగం దాటింది

ఆదివారం సాయంత్రం ఆరు కాకముందే అంబ్రీన్ నానీ ఇంటికి వచ్చేసేది. గడప దగ్గర చెప్పు ఒకటి ఇటు, ఒకటి అటు పడేది. అమ్మమ్మ సర్వరీ బేగం అప్పటికే దూది రజాయి పరిచి, ఫోను దిండుకు ఆనించి పెట్టేది. పిల్ల వచ్చి రజాయిలో దూరి, చల్లటి కాళ్ళు నానీ కాళ్ళకు ఆనించేది.

"నానీ, ఇగ మాట్లాడొద్దు."

"నేనేం మాట్లాడిన?"

"గిప్పుడు మాట్లాడుతున్నవ్ కదా!"

ఫోనులో 'మబ్బుల రైలు' మొదలయ్యేది. జపాన్ బొమ్మల సీరియల్ అది. మికా అనే పిల్ల ఆకాశంలో పోయే రైలెక్కి, తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ పోతుంది. ఆ రైలింజనులో బొగ్గు వేసే ముసలమ్మ ఒకతి ఉంది. పొట్టి మనిషి, ముక్కు మీద మసి, చేతిలో పార. జపాన్‌లో ఆమె పేరేమిటో గాని తెలుగులో బొగ్గవ్వ. మికాను తిట్టని రోజు లేదు, మికాకు తిండి పెట్టని రోజూ లేదు. "ఓ పిల్లా! పొయ్యిల బొగ్గేస్తవా, నన్నే ఎత్తి ఏస్తవా?" అని బొగ్గవ్వ గద్దిస్తే, రజాయి కింద నానీ మనవరాలు కడుపు పట్టుకొని నవ్వేవాళ్ళు.

వాళ్ళ ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. బొగ్గవ్వ వచ్చాక ఆ ఇద్దరి మధ్య ఇంట్లో కూడా తెలుగే నడిచింది. అంబ్రీన్ ఇల్లు పక్క గల్లీలోనే. తండ్రి ఇర్షాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. రోజూ వచ్చి పోయే పిల్లే గాని, ఆదివారం సాయంత్రం సంగతి వేరు. ఆ కాసేపటి వెచ్చదనం సర్వరీకి వారమంతా ఉండేది.

బొగ్గవ్వ గొంతు ఎక్కడో పట్నంలో పుట్టింది కాదు. సర్వరీ మొగుడు జహూర్ దుకాణం మీది గోదాంలోనే పుట్టింది.

జహూర్‌కు జహీరాబాద్‌లో బొంబాయి హైవే పక్కన పరుపుల దుకాణం ఉంది. కింద దూది ఏకే మిషను, పైన గోదాం. హైదరాబాద్ కంపెనీకి డబ్బింగ్ పని చేసే అఖిలేష్ సొంత ఊరికి వచ్చినప్పుడు ఆ గోదాం చూసి అక్కడే ఆగిపోయాడు. నాలుగు గోడలకూ పరుపులు నిలబెట్టి ఉన్నాయి. చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే చచ్చింది.

"చాచా, గిట్లాంటి రూము కోసం పట్నంల మస్తు తిప్పలు పడుతున్నరు," అన్నాడు.

అప్పటి నుంచి గోదాం అద్దెకు తీసుకున్నాడు. పరుపులు అమ్ముడుపోయి గోడ బోసిపోయినప్పుడల్లా కిందికి దిగి, జల్దీ కొత్తవి కుట్టమని చాచాను బతిమాలేవాడు.

ఇక మిగిలిన బాధ లారీలు. చెరకు లారీలు, ట్రాక్టర్లు మోసుకుపోయే పెద్ద బండ్లు, హారన్లు. దానికీ ఒక ఉపాయం దొరికింది. రికార్డింగ్ ఉన్నప్పుడు జహూర్ మిషను బంద్ చేసి, పైకి వచ్చి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. లారీ కనబడగానే ఎర్ర గుడ్డ ఎత్తేవాడు. మైకు ముందున్నవాళ్ళు మాట ఎక్కడుంటే అక్కడ మింగేవాళ్ళు. గుడ్డ దిగాక మళ్ళీ అక్కడి నుంచే అందుకునేవాళ్ళు.

బొగ్గవ్వకు గొంతు ఇచ్చింది నర్సమ్మ. న్యాల్‌కల్ దిక్కు ఊరు, అల్లం పండించే మనిషి. మార్కెట్టులో ఆమె బేరగాడిని తిడుతుంటే విని అఖిలేష్ పట్టుకొచ్చాడు. చలికాలంలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. నర్సమ్మ సర్పంచికి నిలబడింది. మైకు అలవాటైన మనిషి కదా, ప్రచారంలో మైకు వదల్లేదు. గెలిచింది. గెలిచిన రోజు జీపు మీద నిలబడి అందరికీ దండాలు చెప్పబోతే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. దవాఖానలో చూసి, ఎండాకాలం దాకా గట్టిగా మాట్లాడొద్దన్నారు.

సీరియల్ సగంలో ఉంది. మికా అన్న ఇంకా దొరకలేదు. బొగ్గవ్వకు గొంతు లేదు.

అఖిలేష్ చాలామందిని తెచ్చి మైకు ముందు నిలబెట్టాడు. ఒకామె వార్తలు చదివినట్టు చదివింది. ఇంకొకామె మికాను తిట్టలేక తిట్టలేక ఏడ్చింది. అతను తల పట్టుకొని కూర్చున్న సమయాన, కింది నుంచి ఒక కేక పరుపులన్నీ దాటుకొని పైకి వచ్చింది.

"అజీ! చెవుల్ల దూది కుక్కుకున్నరా? ఎర్ర తాను చింపమంటే నీలి తాను చింపుతున్నరు! గా నీలి పరుపు మీద మీరే పండుకోన్రి!"

సర్వరీ మొగుడిని మామూలుగా ఉర్దూలోనే పలకరిస్తుంది. కోపం మాత్రం ఆమెకు తెలుగులోనే వస్తుంది. బజారులో బేరాలాడి నేర్చిన తెలుగు అది.

అఖిలేష్ రెండేసి మెట్లు దూకుతూ దిగాడు. "చాచీ, గిదే మాట పైకొచ్చి అను."

"ఎవర్ని?"

"ఎవర్నైనా సరే. నన్నను."

"నా తెలుగుల ఉర్దూ కలుస్తది బేటా."

"జహీరాబాద్ల ఎవరి తెలుగుల కలవదు చెప్పు!"

విషయం తెలిశాక సర్వరీ ఆ పేరు తనలో తానే అనుకుంది. బొగ్గవ్వ! అంబ్రీన్ బొగ్గవ్వ! ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. పిల్లకు ఎవరూ చెప్పొద్దు. ఆదివారం రజాయిలో కూర్చొని పిల్ల తనంతట తానే కనిపెట్టాలి. అప్పుడు ఆ మొహం చూడాలి.

తర్వాత ఆమె చేసిన పని పరుపుల దుకాణం మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. నర్సమ్మ గొంతు మందంగా, బుగ్గల్లో ఏదో ఉన్నట్టు ఉంటుంది. సర్వరీ రెండు బుగ్గల్లోనూ శుభ్రమైన దూది ఉండలు పెట్టుకొని మైకు ముందు నిలబడింది. అఖిలేష్ కళ్ళు మూసుకొని విన్నాడు.

"అచ్చం నర్సమ్మే చాచీ! కమాల్ చేసినవ్!"

జహూర్ కిటికీ దగ్గర నుంచి ఒక్క మాటే అడిగాడు. "కొత్త దూదేనా?"

ఆదివారం వచ్చింది. చల్లటి కాళ్ళు వచ్చాయి. సర్వరీ ఫోను చూడలేదు, ఓరకంట పిల్లనే చూసింది. బొగ్గవ్వ నోరు తెరిచింది. అంబ్రీన్ నవ్వలేదు. బొగ్గవ్వ మళ్ళీ తిట్టింది. అంబ్రీన్ కనుబొమలు దగ్గరకొచ్చాయి.

"నానీ, గీమె ఎవరు?"

"బొగ్గవ్వ కాదా?"

"కాదు. బొగ్గవ్వ బట్టలు తొడుక్కొని ఇంకెవరో దూరిన్రు. నోట్ల పరుపు పెట్టుకొని మాట్లాడుతున్నది."

సర్వరీ నాలుక తనంతట తానే బుగ్గ లోపల తడుముకుంది.

పిల్ల రజాయిలోంచి బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంది.

"ఇంక అయిపోలేదు కదనే?"

"నాకొద్దు నానీ. మికాకు తెలుస్తలేదు, గామె బొగ్గవ్వ కాదని. పాపం మికా."

పై ఆదివారం పిల్ల రాలేదు. సర్వరీ గల్లీలోకి రెండు మూడుసార్లు తొంగి చూసింది. ఫోను దిండుకు ఆనించుకొని ఒక్కతే కూర్చుంది. నోట్లో దూది పెట్టుకున్న తన గొంతు తానే విన్నది. పిల్ల చెప్పింది నిజమే. ఆ రోజు రజాయిలో ఆమె కాళ్ళకు చల్లటి కాళ్ళు తగలలేదు. తగిలించేవాళ్ళు లేరు.

సీరియల్ కింద జనం రాసిన మాటలు అఖిలేష్ చదివి వినిపించాడు. అందరిదీ ఒకటే గోల. మా బొగ్గవ్వను మాకియ్యిన్రి. కంపెనీవాళ్ళు వచ్చే ఆదివారం ఒక్కటే గడువు ఇచ్చారు. అదీ కుదరకపోతే హైదరాబాద్ నుంచే వేరే ఆమెను పెడతారు.

"ఫికర్ చెయ్యకు చాచీ. నీ తప్పేం లేదు," అన్నాడు అఖిలేష్.

ఆమె ఫికర్ వేషం గురించి కాదు. పట్నపామె వచ్చి బాగా చేసి, అంబ్రీన్ మళ్ళీ రజాయిలోకి వస్తే ఆమెకు సంతోషమే. వస్తుందా? పిల్ల మనసు ఒకసారి విరిగింది. విరిచింది తానే. ఆదివారాన్ని తన చేతులారా పోగొట్టుకుంది. అది ఆమెకు మింగుడు పడలేదు.

మర్నాడు పొద్దున్నే జహూర్‌ను పిలిచింది. "ట్రాలీ ఆటో తీయిన్రి. నర్సమ్మ దగ్గరికి పోదాం. కొత్త సర్పంచికి ఒక రజాయి తీసుకపోవాలె."

నర్సమ్మ ఇంటి ముందు జనం ఉన్నారు. బోరు గురించి ఒకరు, వీధి దీపం గురించి ఒకరు. నర్సమ్మ గుసగుసగా జవాబిస్తోంది. ఆమె గుసగుసలాడుతుంటే ఎదుటివాళ్ళు కూడా తెలియకుండానే గుసగుసలాడుతున్నారు. ఊరి పంచాయతీ అంతా దొంగల మీటింగులా ఉంది.

రజాయి అందుకొని, జనాన్ని పంపించి, నర్సమ్మ సర్వరీని పక్కన కూర్చోబెట్టుకుంది. అల్లం చాయ్ వచ్చింది.

"అక్కా, కొత్త బొగ్గవ్వ నువ్వేనంట కదా?" అంది గుసగుసగా.

"అందరు కాదంటున్నరు," అంది సర్వరీ. ఆమె కూడా గుసగుసగానే అంది.

"నేనూ విన్న. నోట్ల ఏం పెట్టుకున్నవే అక్కా?"

సర్వరీ చాయ్ గ్లాసులోకి చూస్తూ, "దూది," అంది.

నర్సమ్మ నవ్వింది. చప్పుడు లేని నవ్వు. భుజాలు ఊగాయి, కళ్ళ నీళ్ళొచ్చాయి. తర్వాత నోరు తెరిచి వేలితో చూపించింది. పక్క పళ్ళు రెండు లేవు.

"నాకు బుగ్గల ఏం లేదక్కా. పండ్లే లేవు. గందుకే గట్లొస్తది."

సర్వరీకి కూడా నవ్వు ఆగలేదు. బయట ఆటోలో కూర్చున్న జహూర్, ఈ ఇద్దరు ఎందుకు నవ్వుతున్నారో తెలియక తాను కూడా కొంచెం నవ్వాడు.

"నా గొంతు నీకెందుకక్కా?" అంది నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "బతుకమ్మ కాడ పాట చెప్పేదాన్ని నేనే. ఆయాసమొస్తే పక్కామె అందుకుంటది. నాలెక్క పాడుతదా? తన గొంతుతోనే పాడుతది. కని నేను చప్పున ఆపను. ఒక్క వరుస ఇద్దరం కలిసి చెప్తం. గప్పుడు నేను జరుగుత. సుట్టు తిరిగేటోళ్ళకు మనిషి మారింది తెలుస్తది, పాట మారినట్టు అనిపియ్యది."

సర్వరీ గ్లాసు కింద పెట్టింది. "మా పెళ్ళిళ్ళల్ల ఢోలక్ పాటలు గట్లనే. అలసిపోయినామె ఒళ్ళోంచి ఢోలక్ జరుగుతది, కొత్తామె చెయ్యి పడ్డంకనే పాతామె చెయ్యి తీస్తది. చప్పుడు ఆగనే ఆగది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి మనం గట్ల చెయ్యలే," అంది సర్వరీ.

"నువ్వు నన్ను పిలవలే. నేను నీ చెయ్యి పట్టలే. పోరగాండ్లు ఒప్పుకుంటరా?"

"ఈ ఆదివారం రైలు పెద్ద సొరంగంల పోతది," అంది సర్వరీ మెల్లగా. "అఖిలేష్ చూపించిండు. బొమ్మ అంత నల్లగుంటది. చీకట్ల బొగ్గవ్వ పాట పాడుతది."

నర్సమ్మ కళ్ళు మెరిశాయి. "చీకట్ల నోరు కనబడది. సొరంగమంటే పొగ. పొగల బొగ్గవ్వ గొంతు బొంగురుపోతే ఎవరేమంటరు? గుసగుస పాటకు డాక్టరు కూడా అడ్డం చెప్పడు. వస్త పా!"

నర్సమ్మ నిజంగానే వచ్చింది. సర్పంచి అయ్యాక మొదటిసారి వచ్చిందని అఖిలేష్ శాలువా తెచ్చి కప్పాడు. "గిది మీద ఉంటే చప్పుడైతది బిడ్డా," అని ఆమె దాన్ని తీసి గోడకు, పరుపుల మధ్య ఖాళీలో వేలాడదీసింది.

ఇద్దరికీ ఒకటే మైకు. నర్సమ్మ సర్వరీ మణికట్టు పట్టుకొని నిలబడింది. ఫోనులాంటి చిన్న తెర మీద రైలు సొరంగంలోకి దూరింది. తెర నల్లబడింది. నర్సమ్మ గుసగుసగా, బొంగురుగా ఎత్తుకుంది.

ఎయ్యే పిల్లా ఎయ్యవే
ఎర్రని పొయ్యిల నల్లని బొగ్గు

జహూర్ చెయ్యి లేచింది. ఎర్ర గుడ్డ. ఇద్దరూ పాట మింగారు. చెరకు లారీ తీరుబడిగా పోయింది, దాని వెనక ఇంకొకటి. నవ్వు ఆపుకోలేక ఇద్దరి పొట్టలూ అదురుతున్నాయి. అఖిలేష్ దండం పెట్టి చూపించాడు. గుడ్డ దిగింది. ఈసారి సర్వరీ కూడా కలిసింది. బుగ్గల్లో దూది లేదు. పెళ్ళిళ్ళలో పాడే తన సొంత గొంతు అది.

పొయ్యే రైలా పొయ్యవే
మబ్బుల మీద తెల్లని ముగ్గు

ఒక వరుస ఇద్దరు. తర్వాత మణికట్టు మీది పట్టు సడలింది. నర్సమ్మ ఒక అడుగు వెనక్కి జరిగింది. పాట సర్వరీ దగ్గరే ఉంది.

తెర మీద వెలుతురు వచ్చింది. సొరంగం మోతకు కళ్ళూ చెవులూ మూసుకొని కూర్చున్న మికా దగ్గరికి బొగ్గవ్వ పార ఎత్తుకొని వచ్చింది. అక్కడ కాగితంలో వేరే మాట రాసి ఉంది. సర్వరీ ఆ మాట వదిలేసి, తన నోటికి వచ్చింది అనేసింది. తర్వాత భయపడి అఖిలేష్ వైపు చూసింది.

అతను ఆ ముక్క మళ్ళీ వేసి చూశాడు. "బొమ్మ నోటికి కలిసింది చాచీ. కాగితంల మాటకన్న మంచిగ కలిసింది."

ఆదివారం సాయంత్రం జహూర్ పక్క గల్లీకి వెళ్ళాడు. ఎక్కువ మాటలు చెప్పే మనిషి కాదు. "నానీ గాజర్ హల్వా చేసింది," అన్నాడంతే.

అంబ్రీన్ వచ్చింది. చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు. "హల్వా తిని పోత. కార్టూన్ చూడ," అని ముందే చెప్పింది. గిన్నె పట్టుకొని, ఫోనుకు వీపు చూపించి కూర్చుంది.

"నీ ఇష్టం," అంది సర్వరీ. ఆమె చేతులు రజాయిలో దాచుకుంది.

మబ్బుల రైలు కూత వేసింది. సొరంగం వచ్చింది. తెర నల్లబడింది. చీకట్లోంచి గుసగుసగా పాట మొదలైంది.

అంబ్రీన్ చెంచా గాలిలో ఆగింది. "బొగ్గవ్వ!"

గిన్నె అక్కడే వదిలి రజాయిలోకి దూకింది. చల్లటి కాళ్ళు వచ్చి నానీ కాళ్ళకు తగిలాయి. సర్వరీ పెదవి కొరుక్కుంది.

"గొంతుకేమైంది నానీ? పొగ పట్టిందా?"

"పట్టింది."

పాటలో రెండో గొంతు కలిసింది. పిల్ల చెవి ఫోనుకు దగ్గర పెట్టింది. "నానీ, ఇద్దరున్నరు."

"ష్. ఇగ మాట్లాడొద్దు."

మొదటి గొంతు సన్నగా జరిగిపోయింది. రెండోది నిలబడింది. అంబ్రీన్ లేచిపోలేదు. తల ఊపుతూ వింటోంది. తెర మీద వెలుతురు భళ్ళుమంది. బొగ్గవ్వ పార ఎత్తింది.

"చెవుల్ల దూది కుక్కుకున్నవా పిల్లా? సొరంగం అయిపోయింది, కండ్లు తెరువు!"

అంబ్రీన్ పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చటుక్కున ఆగిపోయింది. మెల్లగా తల తిప్పింది. సర్వరీ ఫోనులోకే చూస్తోంది, రెప్ప కూడా వేయకుండా.

"నానీ."

"ఊఁ."

"గా దూది మాట మన ఇంట్లది."

"దూది మన ఇంట్లనే ఉన్నదా? దునియా అంత ఉన్నది."

"నానీ, నా దిక్కు చూసి గదే మాట మల్ల అను."

సర్వరీ పిల్ల వైపు తిరిగింది. కొంగు సర్దుకుంది. "చెవుల్ల దూది కుక్కుకున్నవా పిల్లా?"

అంబ్రీన్ వేసిన కేకకు బయట గడపలో కూర్చున్న జహూర్ చేతిలో చాయ్ ఒలికింది. పిల్ల నానీ మెడ పట్టుకొని ఊపేసింది. రజాయి ఎటో పోయింది.

"నువ్వా? నువ్వా బొగ్గవ్వవి? మరి గా ముందుగాల, నోట్ల పరుపు పెట్టుకున్నామె?"

"గదీ నేనే."

"యా అల్లా!" అని పిల్ల నానీ ఒళ్ళో దొర్లి దొర్లి నవ్వింది. కాసేపటికి లేచి, నిజంగానే బెంగగా అడిగింది. "పాత బొగ్గవ్వకు కోపమొచ్చిందా?"

"లేదు. నా చెయ్యి పట్టుకొని గామెనే సొరంగం దాటించింది."

పిల్ల కొంచెం ఆలోచించింది. "అయితే సరే," అని మళ్ళీ హల్వా గిన్నె అందుకుంది.

మర్నాడు బడి వదిలాక పరుపుల దుకాణం ముందు పిల్లల గుంపు నిలబడింది. ముందు అంబ్రీన్, వెనక ఆమె క్లాసంతా. దూది మిషను చప్పుడులో జహూర్‌కు మొదట ఏమీ అర్థం కాలేదు. మిషను ఆపాడు.

"నానా, వీళ్ళందర్ని నానీతోని తిట్టియ్యాలె," అంది అంబ్రీన్ తాతతో.

సర్వరీ రజాయి కుడుతున్నదల్లా సూది గుడ్డకు గుచ్చి బయటికి వచ్చింది. పిల్లలు కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నారు. ముక్కు మీద మసి లేదు, చేతిలో పార లేదు. ఒకరిద్దరికి అనుమానం వచ్చింది. ఆమె గజం బద్ద పార లాగా ఎత్తింది.

"ఓ పిల్లలూ! బడి ఇడిస్తే ఇంటికి పోకుంట గీడేం పని? పొయ్యిల బొగ్గు మీ తాత ఏస్తడా..."

జహూర్ చెయ్యి లేచింది. అలవాటైన చెయ్యి. అందులో ఎర్ర గుడ్డ. హైవే మీద చెరకు లారీ వస్తోంది.

బొగ్గవ్వ మాట మింగి, గజం బద్ద ఎత్తింది ఎత్తినట్టే నిలబడిపోయింది. ఏం జరుగుతోందో తెలియకపోయినా పిల్లలంతా ఊపిరి బిగబట్టారు. అంబ్రీన్ నోటి మీద వేలు పెట్టుకొని అందరి వైపూ గంభీరంగా చూసింది. లారీ మెల్లగా పోయింది. వెనక చెరకు గడ ఒకటి ఊగుతూ పోయింది.

గుడ్డ దిగింది.

"...మీ నానీ ఏస్తదా? నడువున్రి!" అంది బొగ్గవ్వ.

పిల్లలు కేకలు పెట్టుకుంటూ గల్లీ వైపు పరుగెత్తారు. మలుపు దాకా పోయి, అందరూ మళ్ళీ తిరిగి వచ్చారు.